వాచీ కోసం మొక్కిన నిలువుదోపిడి

వాచీ కోసం మొహం వాచిన మనిషిని చూడాలంటే తిరుపతిలో యోగానందను చూడాలి. ఏర్పేడు చుట్టుపక్కల ప్లాట్లు వేసి అమ్ముతాడు. వేలికో ఉంగరం, మెడలో మోకులాంటి గొలుసు. ఇంటినిండా పాత వాచీలు. టైము మాత్రం ఎవరికీ ఇవ్వడు.

అతని దగ్గర లేనిదల్లా ఒక్కటే, రెండు రంగుల పాత స్విస్ వాచీ. దాని గొలుసు నడుమ వరుస బంగారం, అటూ ఇటూ ఉక్కు. పైకి మెరుపు, పక్కన ఇనుము. అచ్చం యోగానంద మాటలాగే.

అలాంటిది కార్వేటినగరంలో మునస్వామి అనే పెద్దాయన చేతికి ఉందని ధర్మేంద్ర నోరుజారాడు. ధర్మేంద్రదీ వాచీల పిచ్చే. ఇద్దరూ స్నేహితులు. అంటే, ఒకడి దగ్గర లేనిదేదో రెండోవాడికి బాగా తెలుసు.

యోగానంద పరుగెత్తాడు. మునస్వామి కదల్లేదు.

"మా నాయన వాచీప్పా అది. నేను పోయినాక సూసుకుందువులే."

పెద్దాయన ఎప్పుడు పోతాడో చూసుకోవడానికైనా మనవాడికి మంచి వాచీ కావాలి! తిరిగొచ్చి, ఇంటి మిద్దెక్కి, కొండవైపు తిరిగి, భార్య ప్రసన్నకుమారి, అత్త యశోదమ్మ వింటుండగా గట్టిగా అరిచాడు.

"స్వామీ! ఆ వాచీ నా చేతికొస్తే నిలువుదోపిడి ఇచ్చుకుంటా!"

హుండీ ముందు నిలబడినప్పుడు వంటి మీద ఏ నగలుంటే అవన్నీ ఒలిచి వేసేయడమే నిలువుదోపిడి. జనాన్ని నిలువునా దోచినవాడి నోట ఆ మాట వినడం స్వామికీ ముచ్చటేసినట్టుంది. కొన్నాళ్ళకు మునస్వామే ఫోన్ చేశాడు.

"కండ్లు మసకబారినాయప్పా. ముల్లు యాడుండాదో అగపడ్ల్యా. వచ్చి తీసకపో."

వాచీ వచ్చింది. దాని వెనకే మొక్కూ వచ్చింది.

"ఎప్పుడు పోదామయ్యా కొండకు?" అంది ప్రసన్నకుమారి.

యోగానంద బుర్రకు కీ ఇచ్చినట్టయింది. వంటి మీద ఉన్నవే కదా స్వామివి, బీరువాలో ఉన్నవి కాదు కదా! బయల్దేరే రోజు గొలుసు ఒలిచాడు, ఉంగరాలన్నీ పీకాడు. అంగట్లో కొన్న గిల్టు ఉంగరం ఒకటి తొడుక్కున్నాడు. సాక్షాత్తూ స్వామికే నామం పెట్టబోయాడు, ఆయనకు నామం కొత్తయినట్టు!

మరి వాచీ? అదీ బీరువాలో పెట్టాల్సిందే. కానీ పెళ్ళాం, అత్తలతోపాటు అదే కారులో ధర్మేంద్ర కూడా వస్తున్నాడు. ధర్మేంద్ర చూడని వాచీ చేతికున్నా ఒకటే, చెత్తకుండీలో ఉన్నా ఒకటే. పెట్టుకున్నాడు. ఘాట్ రోడ్డు మలుపులకన్నా అతని మణికట్టు మలుపులే ఎక్కువయ్యాయి.

"బాగుండాది లేప్పా, ఉక్కు బాగా మెరస్తాండాది," అన్నాడు ధర్మేంద్ర. బంగారం అతని కంట పడలేదు, కంట్లో పడింది.

దర్శనమైంది. హుండీ దగ్గరపడింది. యోగానంద వాచీ ఊడదీసి పక్కనున్న యశోదమ్మ చేతిలో కుక్కాడు.

"అత్తా, పట్టుకో!"

గిల్టు ఉంగరం పైకెత్తి అందరికీ చూపించి "గోవిందా!" అని హుండీలో వదిలాడు. ఇక వాచీ కోసం చెయ్యి చాచాడు. అత్త ఆ చేతిలో చిటికెడు కుంకుమ పెట్టింది.

"వాచీ యాడత్తా?"

"ఏసేసినాను గదప్పా."

"యాడ ఏసినావు?"

"హుండీలో! ఇంగ యాడ ఏస్తారు? హుండీ కాడ చేతిలో పెడితివి. మొక్కు పెద్దదాని చేతి మీదుగా తీర్చుకుంటాడు మా అల్లుడు అని మురిసిపోయి, కండ్లకద్దుకోని మరీ ఏసినాను."

పెద్దల చేత ముడుపు వేయించడం ఆ ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న ఆచారమే. యోగానంద హుండీవైపు దూకాడు. "జరగండి, జరగండి" అంటూ జనం అతన్ని వాకిలిదాకా మోసుకుపోయారు. వెనకనుంచి "గోవిందా, గోవిందా" అని ఒకటే హోరు. వాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటున్నారు. మనవాడికి మాత్రం అది వాచీ సంగతి చెబుతున్నట్టే వినిపించింది.

బయటికి రాగానే ధర్మేంద్ర దగ్గరకొచ్చాడు.

"టైమెంతయిందప్పా?"

"నీ మొగం!"

"ఏడవద్దబ్బా. హుండీలో పడిన వాచీలు వేలమేస్తారంట గదా. ఆడ సూసుకుందాం."

"నేను పాడతా దాన్ని!"

"పాడు. నేనేమన్నా మూగోడినా?"

యోగానంద గుండెలో ముల్లు కదిలింది. గోపురం వైపు తిరిగి చేతులు జోడించాడు. "స్వామీ, ఆ వేలంలో గానీ..."

"ఆగయ్యా!" అంది ప్రసన్నకుమారి. "ఈ తూరి తలనీలాలు మొక్కుకో. వాటినైతే బీరువాలో పెట్టేసి రాలేవు."

జోడించిన చేతులు విడిపోయాయి. రంగేసిన నెత్తి మీదికి వెళ్ళి, జుట్టును గట్టిగా పట్టుకున్నాయి. అదీ రెండు రంగులే, పైన నలుపు, మొదళ్ళలో తెలుపు.