ఓడకు అక్కర్లేనివి

పెద్దమ్మ తన కుట్టు కొట్టు తెరిచేసరికి ఎదుటి మందుల షాపువాడు ఇంకా షట్టరు తాళం కోసం జేబులు తడుముకుంటూ ఉంటాడు. ఆవిడ ముందు మిషనుకి నూనె వేస్తుంది. తరువాత కిటికీ తెరుస్తుంది. తరువాత ముందురోజు వచ్చిన పంట్లాల్లో ఏది వదులు చెయ్యాలో, ఏది బిగించాలో చూసుకుంటుంది. వదులు చెయ్యాల్సినవే ఎక్కువ. జనం తిండి తగ్గించరు, కొత్తవి కుట్టించుకోరు. పాత కొలతే తమ కొలతని చచ్చేదాకా నమ్ముతారు.

పెద్దమ్మ అన్నది చెల్లెలి పిల్లలు పిలిచే పిలుపు. వీధంతా దాన్నే అందుకుంది. ఆవిడకంటూ మొగుడూ పిల్లలూ లేరు. నాన్న పోతూ పోతూ వదిలివెళ్ళినవి రెండే, ఒక కుట్టు మిషను, ఒక తోలుపెట్టె. మిషను చెల్లెల్ని చదివించింది, పెళ్ళి చేసింది. పెట్టె బల్ల కింద పడి ఉండేది.

ఆ పెట్టె అక్కర్లేని వస్తువును ఉంచుకోదు. లోపల పెట్టి మూత వేస్తే ఇత్తడి గొళ్ళేలు రెండూ వాటంతటవే ఊడతాయి, మూత లేస్తుంది, ఆ వస్తువు నేలమీద వచ్చి పడుతుంది. అంతే. వీధిలో ఎవరు ఊరెళ్ళినా దాన్ని అరువడుగుతారు. కండక్టరు బదిలీ మీద వెళ్తూ తీసుకెళ్తే చొక్కాలన్నీ ఉంచుకుని డంబెల్సు ఉమ్మేసింది. అతని కాలి బొటనవేలు వాచింది.

"దీనికి ఇనుము పడదని ముందే చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"ఇనుము పడుతుంది నాయనా. నువ్వు చెయ్యని కసరత్తే పడదు."

చెల్లెలి మొగుడిది బాత్రూం టైల్సు షాపు. ఎక్కువ సరుకు అమ్మిన షాపులవాళ్ళని ఓడ మీద వారం రోజులు తిప్పుతానని టైల్సు కంపెనీవాడు మాటిచ్చాడు. ఆ మాట చెవిన పడ్డప్పట్నుంచీ మరిది మామూలు మనిషిగా లేడు. ఓడ లెక్కన అతను తన జన్మలో కూర్చున్నది షాపులో అమ్మకానికి పెట్టిన స్నానాల తొట్టిలోనే, అదీ నీళ్ళు లేనప్పుడు. అయినా ఫోనులో నలభై వీడియోలు చూసి, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ ఓడ ప్రయాణానికి చిట్కాలు చెప్పడం మొదలుపెట్టాడు. గుడ్డిగుర్రానికి పళ్ళు తోమమన్నా తోముతాడు గానీ నోరు మాత్రం మూయడు.

ఒకరోజు పెద్దమ్మ కొట్టుకి వచ్చి కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు.

"వదినగారూ, మీరూ మాతో వస్తున్నారు. మీరు లేకుండా మేం ఎక్కడికైనా వెళ్తామా చెప్పండి?"

"నేనెందుకు మరిదిగారూ?"

"పిల్లలు మీ దగ్గరైతే అన్నం తింటారు. మాకు బాల్కనీ గది ఇచ్చారు. మీకూ పిల్లలకీ లోపలి గది. కిటికీ ఉండదు. ఉండకపోవడమే మంచిది, పిల్లలు పడిపోతారన్న భయం ఉండదు."

"మరి సముద్రం?"

"సముద్రం ఎక్కడికి పోతుంది వదినగారూ, చుట్టూ అదేగా."

పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించింది. నాలుగు వైపులా నీళ్ళే ఉంటే ఎలా ఉంటుందో చూడాలని ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఉంది. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. చెల్లెలు మొగుడికి చెప్పింది. మరిది దాన్ని గాలానికి గుచ్చి తెచ్చాడు.

అప్పుడు జేబులోంచి ఒక తాళంచెవి తీసి మిషను మీద పెట్టాడు. దానికి ప్లాస్టిక్ ఓడబొమ్మ వేలాడుతోంది.

"మా ఇంట్లో వెనకగది. మీకే. ఓడ దిగగానే ఈ కొట్టు ఖాళీ చేసేసి వచ్చెయ్యండి. ఈ వయసులో మీకు ఈ పంట్లాల గోలెందుకు? మీ ఓనరుతో మాట్లాడేశాను. ఒకటో తారీకునుంచి ఈ గది ఇంకొకరికి ఇచ్చుకోమన్నాను."

"నన్నడక్కుండానా?"

"మీరు కాదంటారా ఏమిటి?" అని నవ్వాడు. పెద్దమ్మ ఔననలేదు, కాదనలేదు. నోరున్నవాడు అవతలివాడి మౌనాన్ని ఎప్పుడూ ఔననే రాసుకుంటాడు. మరిది లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఆ తాళంచెవి అక్కడే ఉంది. మిషను కదిలినప్పుడల్లా ఓడబొమ్మ అటూ ఇటూ ఊగింది. నిజానికి ఆ వెనకగదిలో కావలసింది వదిన కాదు, జీతం అడగని ఆయా. ఆ సంగతి పెద్దమ్మకీ తెలుసు. కానీ చెల్లెలు. ఆ ఒక్క మాట దగ్గరే ఆవిడ చెయ్యి ఆగిపోయేది.

ప్రయాణానికి ముందురోజు చెల్లెలి ఇంట్లో సర్దుడు మొదలైంది. మరిది కొత్తగా నాలుగు చక్రాల పెట్టె కొన్నాడు. కవలపిల్లలిద్దరూ అందులో దూరి దాక్కున్నా ఇంకా చోటు మిగిలేది. అందులో కోట్లు, టైలు, చెల్లెలి పట్టుగౌన్లు, ఇస్త్రీపెట్టె, కరెంటు వైరు పెట్టె, నీళ్ళు కాచే కెటిల్ పెట్టాడు.

"ఓడలో ఇస్త్రీపెట్టెలు లాగేసుకుంటారట కదా, నిప్పు భయమని?" అంది చెల్లెలు.

"అడుగున పెడితే ఎవడికి తెలుస్తుందే? ఓడ గోడలు ఇనుపవి. అయస్కాంతం కొక్కేలు పెడితే అతుక్కుంటాయి, బట్టలు తగిలించుకోవచ్చు. నీకు తెలుసా?"

నలభై వీడియోల్లోంచి అతను పట్టుకొచ్చినవాటిలో పనికొచ్చే చిట్కా అదొక్కటే. ఆ కొక్కేలు కొనడం మాత్రం మర్చిపోయాడు.

పెద్దమ్మ తోలుపెట్టెలో ముదురు నీలం గౌను ఒకటి, రోజువారీ బట్టలు, ఉన్నికోటు, కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రలు, ఎండకి టోపీ, తన పాస్‌పోర్టు పెట్టింది. పెట్టె ఏమీ అనలేదు. తాళంచెవి పెట్టింది. గొళ్ళేలు ఊడి, తాళంచెవి ఎగిరి నేలమీద పడింది. సముద్రం మీద ఇంటి తాళం దేనికిలే అనుకుని ఆవిడ దాన్ని చేతిసంచిలో వేసుకుంది.

చెల్లెలు తన ఎత్తుమడమల జోళ్ళు పట్టుకొచ్చింది. "అక్కా, వీటికి పెద్దపెట్టెలో చోటు లేదు. నీదాంట్లో పెట్టు."

పెట్టె ఒక్కొక్క జోడునీ తీసి బయట పారేసింది.

"దీనికి మొదట్నుంచీ నేనంటే కడుపుమంట," అని విసుక్కుంది చెల్లెలు. "బళ్ళోవాళ్ళు విహారానికి తీసుకెళ్తుంటే నా బొమ్మ పెట్టుకోనివ్వలేదు."

"ఆ బొమ్మ బరువు నీకంటే ఎక్కువుండేది," అంది పెద్దమ్మ.

ఇంతలో మరిది చెయ్యి చాచాడు. "పాస్‌పోర్టులన్నీ ఇలా ఇవ్వండి. అన్నీ ఒక్కచోట, పెద్దపెట్టెలో, తాళం వేసి. అంతకంటే భద్రం ఏముంటుంది?"

పెద్దమ్మ వంగి పెట్టె తెరవబోయింది. గొళ్ళేలు కదల్లేదు. మరిది వచ్చి లాగాడు. స్క్రూడ్రైవరు తెచ్చి సందులో దూర్చాడు. స్క్రూడ్రైవరు వంగింది, అతని గోరు చిట్లింది, పెట్టె మాత్రం పళ్ళు బిగించిన ముసలిదానిలా అలాగే ఉండిపోయింది.

"ఉండనివ్వండి, పోతే మీదే పోతుంది," అన్నాడు వేలు నోట్లో పెట్టుకుని. "పాత పెట్టెలకి పాత బుద్ధులు."

ఓడ ఎక్కాల్సినవాళ్ళు ఒకరోజు ముందే రేవుకి చేరుకుని అక్కడ పడుకోవాలంటారు. మరిది దాన్ని హోటళ్ళవాళ్ళ కుట్రన్నాడు. కనక అదేరోజు పొద్దున కారులో బయల్దేరారు. దారిలో ఒక లారీ అడ్డం పడి ఉంది. రేవుకి చేరేసరికి ఎక్కేవాళ్ళ వరస దాదాపు అయిపోయింది. గుమ్మం దగ్గర కూలీ ఒకడు పెద్దపెట్టె అందుకున్నాడు. గది నంబరు చీటీ కట్టి బండి మీద వేశాడు. పెట్టె కదిలే నల్లటి పట్టా మీదెక్కి ఓడ కడుపులోకి పోయింది. తోలుపెట్టెని పెద్దమ్మ చేత్తోనే పట్టుకుంది. కూలీకి ఇవ్వబోతే అది ఆవిడ వేళ్ళని వదల్లేదు.

లోపల బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఉద్యోగిని ఉంది. తల ఎత్తకుండానే చెయ్యి చాచింది.

"పాస్‌పోర్టులు."

"పెట్టెలో ఉన్నాయి," అన్నాడు మరిది.

"పెట్టె తెరవండి."

"మీ మనిషికే ఇచ్చాం."

అప్పుడావిడ తల ఎత్తింది. "అయితే అవి ఓడెక్కేశాయి. మీరింకా ఎక్కలేదు."

"అయితే తెప్పించండి."

"వేలకొద్దీ పెట్టెలుంటాయండీ. వెతకమని చెప్తాను. దొరికితే మీ అదృష్టం. ఈలోగా అదుగో, ఆ కుర్చీల్లో కూర్చోండి. అవి మీలాంటివాళ్ళ కోసమే వేయించాం."

"మీలాంటివాళ్ళంటే? నేను నలభై వీడియోలు చూశానండీ."

"పాస్‌పోర్టు చేతిలోనే ఉంచుకోమని టికెట్టు మీద పెద్దక్షరాల్లో ఉంది. వీడియోలు నలభై చూసేవాళ్ళు టికెట్టు ఒక్కసారి చూడరు." తరువాత పెద్దమ్మవైపు తిరిగింది. "మీదండీ?"

తోలుపెట్టె మూత మెల్లగా లేచింది. బట్టలమీద పాస్‌పోర్టు విడిగా, తీసుకోవడానికి వీలుగా ఉంది. ఉద్యోగిని దాన్ని తీసుకుని ముద్ర వేసింది.

"మంచి పెట్టె. ఈ రకం ఇప్పుడు రావట్లేదు," అంది.

కుర్చీల్లో కూర్చున్నారు. ఓడ ఒకసారి కూత పెట్టింది. పెద్దపెట్టె దొరకలేదు. కవలల్లో ఒకడు బూట్లు విప్పి విసిరేశాడు, రెండోవాడు ఒక బూటు కొరుకుతున్నాడు. మరిది కనబడ్డ ప్రతి యూనిఫారంవాడి దగ్గరికీ వెళ్ళి తన షాపు పేరు చెప్పాడు. ఓడ నడిపేవాళ్ళకి బాత్రూం టైల్సుతో పనేమిటి?

"ఎక్కేవాళ్ళు ఎక్కండి, తలుపు మూస్తున్నాం," అంది ఉద్యోగిని.

మరిది పరుగున వచ్చాడు. "వదినగారూ, మీరూ ఆగిపోండి. మరి పిల్లల్నెవరు చూస్తారు?"

"ఒక్కదానివీ ఎలా వెళ్తావక్కా?" అంది చెల్లెలు. అక్క లేవకుండా పిల్లల బొమ్మల సంచి తెచ్చి తోలుపెట్టెలో కుక్కింది. పెట్టె దాన్ని తీసి చెల్లెలి ఒళ్ళోనే పెట్టింది. విసరలేదు. పెట్టింది.

పెద్దమ్మ చెల్లెలి ఒడిలోని ఆ సంచిని చూసింది. లేచింది. పిల్లలిద్దరి తలలూ నిమిరింది.

"ఈ వారం అమ్మానాన్నల దగ్గరుండండి. వాళ్ళకీ అలవాటవుతుంది."

"మరి మా పెట్టె?" అన్నాడు మరిది.

"నేను చూసుకుంటాను మరిదిగారూ. దానికి అన్నం తినిపించక్కర్లేదుగా."

ఓడలో జనం ఏం చేస్తారు? తింటారు. తిన్నది అరగడానికి పైఅంతస్తు చుట్టూ నడుస్తారు. నడిచామని మళ్ళీ తింటారు. రోజుకో వేషమని గుట్టలకొద్దీ మోసుకొచ్చిన బట్టల్లో సగం మడతలు విప్పకుండానే ఉండిపోతాయి. ఒకరి కోటు ఒకరు చూడాలని వస్తారు, తీరా వచ్చాక ఎవరి కోటు వాళ్ళే చూసుకుంటారు. పెద్దమ్మ విందుకి ఎప్పుడూ ఆ నీలం గౌనే తొడుక్కుంది. ఒక్కరూ గమనించలేదు. ఆవిడ మాత్రం అందరి నడుములూ గమనించింది.

గదులు ఊడ్చే మనిషి మొదటిరోజే పెద్దపెట్టెని బాల్కనీ గదిలో దింపి వచ్చి చెప్పాడు. "మీవాళ్ళ ఇస్త్రీపెట్టె మావాళ్ళు తీసేసుకున్నారమ్మా, దిగేటప్పుడు ఇస్తారు. ఆ గదీ మీ టికెట్టు కిందే ఉంది, తలుపు మీ కార్డుతోనే తెరుచుకుంటుంది. ఎవరూ లేని గదిని నేను రోజూ ఊడవడం దేనికి? మీరు అక్కడికి వెళ్ళిపోకూడదా?"

పెద్దమ్మ వెళ్ళింది. మొదట కడుపు తిప్పింది. పెట్టె తెరిస్తే మాత్రలు పైనే ఉన్నాయి. తేరుకున్నాక బాల్కనీలోంచి చూసింది. ఒకవైపే కనబడింది. అది చాలక పైఅంతస్తుకి ఎక్కింది. నాలుగు వైపులా నీలం పరుచుకుని ఉంది. ఆవిడ కళ్ళు అలవాటుగా కుట్టు కోసం వెతికాయి. ఎక్కడా కుట్టు లేదు.

దిగేముందు సాయంత్రం పెట్టెలన్నీ గది బయట పెట్టాలి. వాటిని ఓడవాళ్ళే ముందుగా రేవుకి దింపుతారు. మర్నాడు వేసుకోవాల్సిన బట్టలు మాత్రం దగ్గర ఉంచుకోవాలి. అది మర్చిపోయి అన్నీ సర్దేసి, రాత్రి తొడుక్కునే నిక్కరుతో ఊళ్ళోకి దిగే పెద్దమనుషులు ప్రతి ఓడలోనూ ఉంటారు.

పెద్దమ్మ తోలుపెట్టె సర్దింది. ఇంటికి పోయే సర్దుడు కనక ఈసారి తాళంచెవి కూడా అందులో పెట్టి మూత వేసింది. గొళ్ళేలు ఊడాయి. ప్లాస్టిక్ ఓడబొమ్మ నేలమీద టప్పున పడింది.

ఆవిడ మంచం మీద కూర్చుని దాన్ని చూసింది. వచ్చేటప్పుడు సముద్రం మీద అక్కర్లేదని అనుకుంది. ఇప్పుడు వెళ్ళేది ఇంటికే.

తీరం దగ్గరపడి ఫోనులో సిగ్నల్ గీతలు వచ్చాయి. కొట్టు ఓనరుకి ఫోను చేసింది.

"ఆ గది ఎవరికీ ఇవ్వకండి. నేను ఖాళీ చెయ్యట్లేదు."

"అదేమిటి, మీ మరిది చెప్పాడే?"

"ఓడెక్కానని కూడా చెప్పాడా?"

"చెప్పడమేమిటి, పొద్దున ఓడ మీంచి సూర్యోదయం ఫోటో పెట్టాడు. పక్కన లేడా?"

"లేడండీ. వాళ్ళు రేవులోనే ఆగిపోయారు."

"అదన్నమాట సంగతి. వారం రోజులుగా ఆ ఇంటికి తలుపులేసి ఉన్నాయి, దీపం వెలగదు. లోపల్నుంచి పిల్లల గోల ఒకటే. దయ్యాలేమోనని వీధంతా చర్చ. సరే, గది మీదే లెండి. ఎదుటి మందుల షాపువాడి పంట్లాం ఒకటి మీ దగ్గరుందట, అడుగుతున్నాడు."

"వదులు చెయ్యాలి. రేపొచ్చి చేస్తానని చెప్పండి."

పెద్దమ్మ ఫోను పెట్టేసి తాళంచెవి తీసుకుంది. మరిది పెద్దపెట్టె గుమ్మం దగ్గర నిలబెట్టి ఉంది. దాని పక్కజేబు జిప్పు లాగి, అందులో వేసి, జిప్పు మూసింది. ఒక నిమిషం ఆగి చూసింది. ఆ పెట్టె కిక్కురుమనలేదు. దానికేం తెలుసు, ఏది పెడితే అది మోస్తుంది.