ముప్పై గళ్ల కాగితం

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. వసారాలో కుర్చీ వేసుకుని మామ ఆంజనేయప్ప, కింద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ అత్త చిక్కమ్మ, ఫోను చూసుకుంటూ భర్త చంద్రు, చిక్కబళ్లాపురం నుంచి వచ్చిన అంబిక, ఆమెకు కాఫీ అందిస్తూ ఆ ఇంటి కోడలు ప్రేమ.

అంబిక ఒక పరిశోధన పని మీద వాళ్ల ఊరు పరగోడుకు వస్తోంది. ఏళ్లుగా నడుం నొప్పి ఉన్న ఆడవాళ్లలో సగంమందికి యోగా నేర్పారు, సగంమందికి మామూలు వైద్యమే. ఎవరికెంత తగ్గుతుందో చూడాలి. ప్రేమ యోగా వాళ్లలో ఉంది. రోజూ నలభై నిమిషాలు చేసి, వాళ్లిచ్చిన ముప్పై గళ్ల కాగితంలో ఆ తేదీ గడిలో టిక్కు పెట్టాలి, నొప్పి పదికి ఎంతో రాయాలి. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమెకంటూ నలభై నిమిషాలు ఎవరూ కేటాయించలేదు. అందుకే వెంటనే సంతకం పెట్టింది.

కాగితం చూసి అంబిక ఆగిపోయింది. ఇవాళ ఇరవై రెండో తేదీ. టిక్కులు ముప్పై దాకా ఉన్నాయి. నొప్పి దగ్గర అన్నీ సున్నాలే.

"నేనే పెట్టినాను. బయటోళ్ల చేతికి పోయే కాగితం, ఖాళీగా ఉంటే మనింటి మర్యాద యాడుంటాదమ్మా?" అన్నాడు ఆంజనేయప్ప. యోగాతో తగ్గని రోగమే లేదని కూడా చెప్పాడు.

అంబిక నిదానంగా చెప్పింది. నడుం నొప్పికి యోగా కొంత మేలు చేస్తుందని ఇప్పటికే తెలిసిందట. కానీ చాలా పరీక్షల్లో మనుషులు తక్కువ, చూసిన కాలమూ తక్కువ. అన్ని రోగాలకూ మందని ఎవరూ తేల్చలేదు. "ఇట్లా రాస్తే ఎంత పనిచేస్తాదో ఎప్పటికీ తెలీదప్పా."

"తగ్గిందని చెప్పి పంపించేయ్ ప్రేమా," అన్నాడు చంద్రు, ఫోను మీంచి తల ఎత్తకుండానే.

చెప్పేయడం ప్రేమకు సులువే. ఇన్నేళ్లూ అడిగినవాళ్లందరికీ బాగున్నానని చెప్పింది కూడా ఆ నోటితోనే. కానీ రేపు ఈ సున్నాలు చూసి ఏ డాక్టరో ఎక్కడో ఇంకో ఆడమనిషితో ఇంట్లోనే చేసుకోమ్మా, తగ్గిపోతుంది అంటాడు. తగ్గకపోతే తప్పు ఆమెదే అవుతుంది. ఆమెకు చాప పరిచే వీలు దొరికిందా అని ఎవరూ అడగరు.

"నేను చేసింది ఆరు రోజులే," అంది ప్రేమ. "చేసిన రోజు నొప్పి నాలుగు, చెయ్యని రోజు ఏడు."

మిగతా రోజులు ఎందుకు కుదరలేదో కూడా రాసుకోవాలంది అంబిక. ప్రేమ గొంతు తగ్గించకుండా ఒక్కొక్కటే చెప్పింది. చాప మీద ఉండగా మామ వేడినీళ్లు అడిగిన రోజులు ఐదు. పట్టపగలు కోడలు పండుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారని అత్త లేపిన రోజులు నాలుగు. మనింట్లో సర్కసు మొదలైందని చంద్రు నవ్వితే సిగ్గుతో లేచిపోయినవి మిగిలినవన్నీ. చిక్కమ్మ ఒలవడం ఆపి, తన నడుం మీద చెయ్యి పెట్టుకుని కోడలి వైపు చూసింది.

అంబిక వెళ్లగానే ప్రేమ గదిలో చాప పరిచింది. చేనికి బయల్దేరబోతూ చంద్రు గది గడప దగ్గరికి వచ్చాడు.

"బయటామె ముందర మా మానం తీసింది చాలకనా మళ్లా మొదలు పెట్టినావు? సేనికాడికి సద్ది ఎవురు తీస్కపోతారు?"

"నలభై నిమిషాలైనాక నేనే తెస్తా. అంతలోపల ఆకలైతే నువ్వే పెట్టుకుని తిను."

"అట్లయితే ఆ గదిలోనే పడుండు," అని చంద్రు దడాలున తలుపు మూశాడు.

ప్రేమ లేచి, లోపలినుంచి గడియ వేసుకుంది.