పల్లపు రెక్క

ముత్తయ్య డ్రమ్ములో కర్ర ముంచి తీసి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూశాడు. కామాటిపురాలోని ఆ చాల్‌లో, వరుస గదుల ముందున్న వరండా మోరీ వైపు వాలి ఉంటుంది. డ్రమ్మూ అటే వాలుతుంది.

"నిండింది," అన్నాడు.

"మోరి దిక్కు ముంచితే నిండినట్టే కనబడ్తది. నడుమల ముంచు," అంది భార్య శాంతాబాయి, పొయ్యి దగ్గరనుంచి తలైనా తిప్పకుండా.

నడుమ ముంచాడు. నాలుగు వేళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళుగా రోజూ ఇదే తంతు. ఆయన నవ్వుకుని కొళాయి మళ్ళీ తిప్పాడు.

ముత్తయ్యకు యాభై ఏడు. సన్నటి మనిషి, ఒక భుజం కిందికి జారి ఉంటుంది. పెట్రోల్ తగిలి తగిలి అరచేతులు తెల్లగా పగిలిపోయాయి. తండ్రి ఈ నగరంలో మేడలకు సున్నం మోశాడు. ముత్తయ్య శివార్లలోని ఒక చిన్న ఎయిర్‌ఫీల్డులో విమానాలకు పెట్రోల్ పోస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్కదాంట్లోనూ ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు, ఆయనా నోరు తెరిచి అడగలేదు. నోరు మూసుకుని ఉండటంలో ఆయనను మించినవాడు ఆ చాల్‌లోనే లేడు.

తొమ్మిదింటికి పైలట్ దర్శన వచ్చింది. ఆమె నాయనమ్మది కామాటిపురా పక్కనే తెలుగువాళ్ళుండే ఫోరస్ రోడ్డు. అందుకే ముత్తయ్యతో వచ్చీరాని తెలుగులో మాట్లాడుతుంది. నాలుగు సీట్ల విమానాన్ని సర్వీసింగుకు ఒంటరిగా తీసుకెళ్ళాలి, మూడు గంటల ప్రయాణం. పెట్రోల్ బండి మధ్యాహ్నం దాకా రాదు, ట్యాంకుల్లో ఉన్నదే సరిపోవాలి. ఆ విమానంలో పెట్రోల్ ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే వణుకుతుంటుంది, దాన్నెవరూ నమ్మరు. నమ్మేది ముత్తయ్య కర్రనే. దాని మీద గీతలు చెరిగిపోతే పోయినేడు దర్శనే తన ఎర్ర గోళ్ళరంగుతో మళ్ళీ పెట్టింది. గీతకు ఒక గంట ప్రయాణం.

వాన నీళ్ళు నిలిచి షెడ్డు మునగడంతో విమానాన్ని కాలువ గట్టున నిలబెట్టారు. నిచ్చెన ఎడమ రెక్క కిందే ఉంది. ముత్తయ్య ఎక్కి ఆ రెక్కలోని ట్యాంకులో కర్ర ముంచాడు. తడి నాలుగో గీత దాటింది. రెండో రెక్క కూడా చూడాలి. కానీ మబ్బు కమ్ముకొస్తోంది, ఆమె అప్పటికే బెల్టు పెట్టుకుంటోంది.

"కాకా, మీరు చూసిన్రు గదా?"

"చూసిన మేడమ్. నాలుగు ఉంది."

"బస్, చాలు. మీరు చెప్తే అయిపాయె."

విమానం లేచిపోయింది. ముత్తయ్య చేతులు కడుక్కోవడానికి అదే గట్టు మీద బకెట్ పెట్టి కొళాయి విప్పాడు. నీళ్ళు ఒకవైపు అంచు దాటి కారిపోతున్నాయి. మరోవైపు ఇంకా రెండు వేళ్ళ వెలితి.

విమానం ఎడమ రెక్క కాలువ వైపు పల్లానికి ఉండింది. రెండు రెక్కల ట్యాంకులనూ ఒక గొట్టం కలుపుతుంది, పెట్రోలంతా అటే చేరి ఉంటుంది. శాంతాబాయి మాట పొద్దున చెవిలో పడింది, పనిలోకి రాలేదు.

పరుగున ఆఫీసుకు వెళ్ళాడు. వైర్‌లెస్ చూసే రమేష్ ఎవరో పెద్దమనిషితో ఫోనులో ఉన్నాడు. ముత్తయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యెత్తాడు, దించుకున్నాడు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదని నేర్చిన ఒళ్ళు అది. గోడ గడియారంలో పెద్ద ముల్లు పావు చుట్టు తిరిగింది.

ఫోను పెట్టాక చెప్పాడు. రమేష్ మైకు అందుకుని ఆమెను పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. బరబరమనే మోత తప్ప బదులు లేదు.

"పది నిమిషాల కింద చెప్తే అందుతుండె కాకా. ఇప్పుడు ఘాట్ కొండలు దాటింది, మన మాట అందదు," అన్నాడు.

ముత్తయ్య గుమ్మం వదల్లేదు. శాంతాబాయి కట్టిన డబ్బా విప్పలేదు. ఫోను మోగినప్పుడల్లా ఆమె దిగిందనే మాట కోసం రమేష్ పెదాలు చూశాడు.

ఒంటిగంట దాటాక ఆ మాట వేరేగా వచ్చింది. రన్‌వేకు నాలుగు కిలోమీటర్ల ఇవతల ఇంజన్ ఆగిపోయింది. విమానం చెరకు తోటలో పడింది. ట్యాంకుల్లో చుక్క లేదు. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు దర్శనకు ఊపిరి ఉంది. ఆసుపత్రికి చేరేసరికి లేదు.

ఆఫీసులో అందరూ ఒక్కసారే మాట్లాడారు. ముల్లు పాడన్నారు, వాతావరణం అన్నారు. ముత్తయ్య ఎవరూ అడగకుండానే వాళ్ళ మధ్యలోకి వెళ్ళాడు.

"కొలత నాది సాబ్. నేనే చూసిన. నేనే నాలుగు అన్న."

ఆయన ఇన్ని మాటలు ఒక్కసారే మాట్లాడగా అక్కడెవరూ ఎరగరు.

బయట గట్టు మీద నిచ్చెన అలాగే ఉంది, దానికి ఆనించిన కర్రా అలాగే ఉంది. పెట్రోల్ తడి ఎప్పుడో ఆరిపోయింది. దర్శన పెట్టిన ఎర్ర గీతలు మాత్రం ఒక్కటీ చెరగలేదు.