పైవాటాలో చప్పుడు

ష్టుట్‌గార్ట్‌లో ఎవరైనా అద్దెకి ఇల్లు దొరికిందని చెబితే నేను సంతోషించను. ఎందుకు దొరికింది అని అడుగుతాను. ఈ జర్మనీ ఊళ్లో ఒక వాటా ఖాళీ అయిందంటే చూడ్డానికొచ్చిన జనం మెట్ల మీద నుంచి వీధి మలుపు దాకా నిలబడతారు. ఒక్కొక్కరి చంకలో జీతం కాగితాలు, పాత ఇంటివాడు రాసిచ్చిన మంచి మాట, ఒక్కోసారి పెంపుడు కుక్క ఫోటో. అలాంటిది మా అక్క కూతురు నాజ్లి ఒక సాయంత్రం నా కుట్టుపని కొట్టుకొచ్చి, రొట్టెల దుకాణం అద్దానికి అంటించిన చీటీ చూసి ఫోన్ చేశాననీ, శనివారం రమ్మన్నారనీ, అద్దె కూడా అందుబాటులోనే ఉందనీ చెప్పింది. నేను చేతిలోని ప్యాంటు పక్కన పెట్టేశాను.

"ఇంకెవరెవరు వస్తున్నారు?"

"మనమే, పిన్నీ. వేరే ఎవర్నీ పిలవలేదట."

"అయితే అక్కడ ఇల్లే ఉండదు," అన్నాను.

నా అనుమానం ఊరికే రాలేదు. నాజ్లి వచ్చిన కొత్తలో ఒకడు తళతళలాడే ఇంటి ఫోటోలు పంపి, తాను వేరే దేశంలో ఉన్నాననీ, ముందు డబ్బు పంపితే తాళాలు పోస్టులో వస్తాయనీ నమ్మబలికాడు. నేను ఫోన్ లాక్కోకపోతే ఇది పంపేసేదే. చదువుకుంది, పెద్దాసుపత్రిలో నర్సు, సూది గుచ్చితే నొప్పి తెలియదంటారు. కానీ మనుషుల్ని నమ్మడంలో మాత్రం ఉత్త వెర్రిబాగులది.

దానికి తొందర ఉంది, అది నాకూ తెలుసు. ఆసుపత్రి హాస్టల్లో దానిది ఒకే గది. ఆరేళ్ల కొడుకు చినార్ టర్కీలో, మా ఊరు కైసేరిలో, మా అక్క దగ్గర ఉన్నాడు. వాడికి వీసా రావాలంటే తల్లీకొడుకులిద్దరికీ చాలినంత ఇల్లుందని ఒప్పందం చూపించాలి. వేసవి సెలవులు అయ్యేలోపు ఇల్లు దొరక్కపోతే వాణ్ణి అక్కడే బళ్లో వేయాలి, ఇంకో ఏడాది పోయినట్టే. వాడి తండ్రి సంగతి అడక్కండి, మేమూ ఎత్తం. రోజూ ఫోన్లో వాడు అడిగేది ఒక్కటే, ఇల్లు కట్టడం అయిందా అని. వాళ్లమ్మ ఇటుకలు పేర్చి ఇల్లు కడుతోందని అనుకుంటున్నాడు పాపం.

వెళ్లే ముందే చెప్పాను, పిల్లాడి ఊసెత్తకు, ముందు సంతకం పడనీ అని. అబద్ధం చెప్పమంటావా అంది. అబద్ధం వద్దు, నోరు మూసుకో చాలు అన్నాను. ఈ ఊళ్లో ఇళ్లవాళ్లకి పిల్లలంటే చప్పుడు, చప్పుడంటే దొంగతనం కన్నా పెద్ద నేరం. నేను కాపురానికొచ్చిన మొదటి ఇంట్లో చెంచా కిందపడితే చాలు, కింది వాటా ఆయన చీపురు కర్రతో కప్పు మీద పొడిచేవాడు. ఆ దెబ్బకి నేను మునివేళ్ల మీద నడవడం నేర్చుకున్నాను. నా పిల్లలు మాటల కన్నా ముందు 'ష్' అనడం నేర్చుకున్నారు. చినార్‌కి కూడా ఫోన్లో రోజూ నూరిపోస్తూనే ఉన్నాను, ఇక్కడ పిల్లలు పిల్లుల్లా నడుస్తారు, లేకపోతే పోలీసులొస్తారు అని.

శనివారం వెళ్లాం. ఇల్లుంది. నా అనుమానం ఇంకా పెరిగింది. ఇంటి యజమాని ఐజెలె గారు బక్కపల్చటి మనిషి, సైకిల్ మీద వచ్చాడు, మాట్లాడుతూ మన కళ్లలోకి చూడడు. మొదటి అంతస్తులో ఒక తలుపు పిడికి చెక్క పలక వేలాడుతోంది, ఈ వారం మెట్లు ఊడ్చే వంతు ఆ ఇంటిదని. ఆ తలుపు వేలెడు సందు తెరిచి ఉంది. ఆ సందులో ఒక కన్ను. మేం మెట్లెక్కుతున్నంతసేపూ ఆ కన్ను రెప్ప వేయలేదు.

పైవాటాలో వంటగది ఉండాల్సిన చోట గోడలోంచి రెండు గొట్టాలు, పైనుంచి ఒక వైరు వేలాడుతున్నాయి. నాజ్లి నా చెయ్యి పట్టుకుని మన భాషలో, "దొంగలు పడ్డట్టున్నారు పిన్నీ," అంది. ఇక్కడ అంతే, ఖాళీ చేసేవాళ్లు బల్లలూ అల్మారాలూ సింకుతో సహా ఊడబెరుక్కుని పోతారు అని సర్దిచెప్పాను. చెప్పానే గాని నేనూ ఊరుకోలేదు. మూలమూలకీ వెళ్లి గోడలు వాసన చూశాను. చెమ్మ లేదు. నేలంతా పాత చెక్క, అడుగేస్తే కిర్రుమంటోంది. ఇంత మంచి ఇంటికి జనం ఎందుకు రాలేదో అంతుపట్టలేదు.

అప్పుడు ఐజెలె ప్రశ్నలు మొదలుపెట్టాడు. జీతం అడగలేదు. డ్యూటీ నుంచి ఎన్నింటికి ఇంటికొస్తుందని అడిగాడు. ఊళ్లు తిరుగుతుందా, సెలవురోజు ఇంట్లోనే ఉంటుందా అని అడిగాడు. ఒంటరి ఆడదాని రాకపోకలు ఈ మనిషికి ఎందుకని నాకు ఒళ్లు మండింది. నాజ్లి నోరు తెరిచేలోగా నేనే అందుకుని, దాని డ్యూటీలకి వేళాపాళా ఉండదనీ, ఇంటిపట్టున ఉండనే ఉండదనీ చెప్పాను. నేల మీద తివాచీ పరుస్తారా అని అడిగాడు. కైసేరి తివాచీలు, వేలు మందం అన్నాను. ఇంట్లో చెప్పులతో తిరుగుతారా అని కూడా అడిగాడు. మా గొప్ప చూపించడానికి ఇదే అదననుకున్నాను. "మావాళ్లు గడప బయటే విప్పేస్తారండీ. పైన మనుషులున్నారో లేరో కూడా కిందివాళ్లకి తెలియదు," అన్నాను.

అతను తలూపాడు. ఆ ఊపు నాకు నచ్చలేదు.

దిగి వస్తుంటే ఆ కన్ను తలుపు పూర్తిగా తెరుచుకుని బయటికొచ్చింది. ఎనభై దాటిన ముసలావిడ, చేతికర్ర, తలుపు మీద పేరు గైగర్. నాజ్లిని నఖశిఖపర్యంతం చూసి, పైన ఒక్కదానివే ఉంటావా అని అడిగింది. ఒక్కతే, పిల్లిలా ఉంటుంది, అన్నాను నేనే. ముసలావిడ ముఖం వాడిపోయింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు కాబోలు, మనం గెలిచాం అనుకున్నాను.

సోమవారం ఐజెలె ఫోన్ చేశాడు. పద్ధతిగల అమ్మాయే కానీ ఇల్లు వేరేవాళ్లకి ఇస్తామని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాజ్లి నా కొట్లో, వేలాడే కోట్ల కింద స్టూలు మీద కూర్చుండిపోయింది. సాయంత్రం చినార్ ఫోన్ మోగుతుంటే ఎత్తలేదు. దాన్నలా చూసేసరికి నాకు తిక్కరేగింది. ఏదీ ఎత్తిచూపడానికి లేదు, అయినా వద్దన్నారంటే దాని అర్థం నాకు తెలియదా? నలభై ఏళ్లుగా చూస్తున్నాను. కొట్టుకి తాళం వేసి ట్రామ్ ఎక్కాను. వద్దు పిన్నీ, వద్దు పిన్నీ అంటూ నాజ్లి వెంటపడింది.

ఐజెలె ఎక్కడుంటాడో తెలియదు గనుక ముసలావిడ గంట నొక్కాను. ఎంతకీ తీయదు. లోపల కర్ర చప్పుడు మెల్లగా దగ్గరికొచ్చింది. తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది.

"టర్కీవాళ్లు వద్దని ఆ మాట ముఖం మీద చెప్పండి. మెట్ల మీద కన్నేసి చూడటం దేనికి?" అన్నాను.

"నాకు టర్కీ అయితేనేం, టింబక్టూ అయితేనేం?" అందావిడ. "ఇంతకు ముందు పైన ఉన్న పిల్ల పక్క ఊరిదే. అదీ మీరు చెప్పినట్టే, పిల్లిలా ఉండేది. సగం రోజులు ఉండేదే కాదు. నేను స్నానాలగదిలో జారిపడి శుక్రవారం నుంచి ఆదివారం దాకా అక్కడే ఉన్నాను. కర్రతో గొట్టం మీద కొట్టాను. పైన మనిషి ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? ఐజెలె మా చెల్లెలి కొడుకు. వాడికి చెప్పాను, పైన తిరిగితే నాకు కింద వినపడే మనిషిని పెట్టరా అని."

ఆ మాట శనివారమే చెప్పొచ్చు కదా అన్నాను. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"ఒంటరిదాన్ని, పడితే లేవలేను అని గుమ్మమెక్కిన ప్రతివాడికీ చెప్పుకోనా? ఎవడు ఎలాంటివాడో! అందుకే జనాన్ని పిలవకుండా ఒక్కొక్కరినే రమ్మంటున్నాం."

ఈవిడా నాలాంటిదే అనిపించింది. వెనక నుంచి నాజ్లి అంది, "నాకు ఆరేళ్ల కొడుకున్నాడండీ. వాడికి నడవడం రాదు. ఎగరడమే."

నేను దాని కాలు తొక్కాను. అలవాటు.

గైగర్ కళ్లు చిట్లించింది. "శనివారం లేని కొడుకు ఇవాళ ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు? ఇల్లు కావాలంటే ఇప్పుడు ఎవరైనా కొడుకున్నాడనే అంటారు." చల్లకొచ్చి ముంత దాచింది నేను, దొరికిపోయింది నాజ్లి. అది ఏడుపు ఆపుకుంటూ అప్పటికప్పుడు ఫోన్ కలిపింది. తెరమీద చినార్, మూతి నిండా పుచ్చకాయ రసం. సోఫా ఎక్కి దూకమంది వాళ్లమ్మ. అమ్మమ్మ తిడుతుందన్నాడు. నేను చెబుతున్నాగా అంది. ఫోన్ తలుపు సందులోంచి లోపలికి వెళ్లింది. ధబ్బున చప్పుడు, వెనకే మా అక్క కేక.

ముసలావిడ ఫోన్ చెవికి ఆనించుకుంది.

"బరువు చాలదు," అంది. "సరిగ్గా తినిపించండి." ఫోన్ తిరిగిచ్చి తలుపేసుకుంది.

రెండు రోజులకి ఐజెలె ఒప్పందం పట్టుకొచ్చాడు. అందులో చినార్ పేరు కూడా ఉంది. అయినా నేను నమ్మలేదు. తాళాలు చేతికొచ్చాక కూడా, తాళం తిరిగేదాకా నమ్మలేదు. ఎవరో వాడిన వంటగది బల్లలూ అల్మారాలూ కొని మా అల్లుడు బిగించాడు. సెలవులు అవుతుండగా పిల్లాడు మా అక్కతో విమానం దిగాడు.

మర్నాడు నేను నువ్వులద్దిన మా సిమిట్ రొట్టెలు పట్టుకుని వెళ్లేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గైగర్ నా వెనకే మెట్లెక్కింది, ఒక్కో మెట్టుకీ ఆగుతూ. ముఖం కందిపోయి ఉంది.

"పిల్లాడేడీ?" అంది నాజ్లితో. "నిన్నటి నుంచి చెవి పైకి పెట్టి కూర్చున్నాను. ఒక్క చప్పుడు లేదు. వచ్చాడా, లేక ఆ రోజు ఫోన్లో ఎవరి పిల్లాణ్ణో చూపించారా?"

చినార్ గదిలోంచి వచ్చాడు. బూట్లు గడప బయట వరసగా పెట్టుకున్నాడు. మునివేళ్ల మీద, చేతులు రెండు పక్కలా చాపి, చెక్క కిర్రుమనని చోటు వెతుక్కుంటూ వస్తున్నాడు. ముసలావిడని చూసి ఆగి, నన్ను చూసి, పెదాల మీద వేలు పెట్టుకుని 'ష్' అన్నాడు. తను బాగా చేస్తున్నాడని నేను మెచ్చుకోవాలని. కిందికి చూస్తే నేనూ మునివేళ్ల మీదే నిలబడి ఉన్నాను.

"ఒరేయ్, దూకరా," అన్నాను.

"నిజంగానా చిన్నమ్మమ్మా? పోలీసులు రారా?"

"వచ్చేశారు. ఈవిడే పోలీసు. దూకమంటోంది."

వాడు కుర్చీ ఎక్కాడు. గైగర్ కర్ర ఎత్తి ఆపింది. ఇప్పుడు కాదు, తాను కిందికి వెళ్లాక, అక్కడి నుంచి వినాలి అంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మాత్రం ఎవరూ దూకకూడదని చెప్పి మెట్లు దిగింది.

వాడు కుర్చీ మీద ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. కింద తలుపు మూసుకుంది. ఆ తర్వాత మా కాళ్ల కింది నుంచి, కర్రతో కప్పు మీద రెండు దెబ్బలు పడ్డాయి. నలభై ఏళ్ల అలవాటు, నా గుండె గుభేలుమంది.

వాడు దూకాడు.