ముగ్గురు పోసిన నీళ్లు

రైల్వే క్వార్టర్ వెనక రెండు మంచాలు పట్టేంత జాగా కనబడగానే కొత్త కోడలు ప్రత్యూష మనసు పారేసుకుంది. బుధవారీ బజారు సంతకు వెళ్లి టమాటా నారు తెచ్చి నాటింది.

"అక్కడ బచ్చలి పందిరేద్దామనుకున్నానమ్మా," అంది అత్తగారు కనకం. "సర్లే, నీ ముచ్చట కానీ. అవి బతక్కపోతే మాత్రం పందిరే."

గిన్నెల నుంచి కిటికీ తెరల దాకా ఆ ఇంట్లో అన్నీ అత్తగారు అమర్చినవే. ప్రత్యూష చేతుల మీదుగా మొదలైంది ఆ మడి ఒక్కటే. అందుకే మొదటి పసుపు పువ్వు విచ్చిన పూట ఆమె గంతులేసినంత పని చేసింది.

ఆ సంబరం నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఆకులు పాలిపోయాయి. పూలు రాలిపోయాయి. ఎండ ఎక్కువైందేమోనని ప్రత్యూష ఇంకో రెండు చెంబులు కలిపి పోసింది.

"ఏటమ్మా, పందిరికి కర్రలు తెప్పించీమంటావా?" అని కనకం అడిగితే ప్రత్యూష కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒకరోజు తెల్లారుతూనే పెరట్లో చప్పుడైంది. వెళ్లి చూస్తే భర్త మనీష్! రైలింజన్ డ్యూటీ దిగి వచ్చాడు, భుజాన సంచి అలాగే ఉంది, చేతిలో బకెట్.

"ఏం చేస్తున్నారు?"

"నీ మొక్కలకి నీళ్లు. డ్యూటీ నుంచొచ్చినప్పుడల్లా పోస్తున్నాగా."

"నేను రోజూ పొద్దున్నే పోస్తున్నానండీ!"

"అచ్ఛా?"

అంతలో బియ్యం కడిగిన నీళ్లతో గుమ్మం దాటిన కనకం ఇద్దరినీ చూసి ఆగిపోయింది.

"అలా చూస్తారేటి? రోజూ పోసేవే."

"పందిరి కావాలన్నారు కదత్తయ్యా!"

"కావాలి. అలాగని మొక్కల్ని ఎండబెట్టీమంటావేటి?"

ప్రత్యూషకు నవ్వాగలేదు. తానొక్కతే కాపలా కాస్తున్నాననుకుంది ఇన్నాళ్లూ.

మనీష్ గట్టు తెంచి నిలిచిన నీటికి దారి చేశాడు. ఇక మట్టి ఆరేదాకా ఎవరూ చుక్క పోయకూడదనుకున్నారు. పోయడం కంటే ఊరుకోవడమే కష్టమైంది. ముగ్గురూ వంతులవారీగా వచ్చి, మట్టి తాకి చూసి, చేతులు కట్టుకుని వెళ్లేవారు.

మట్టి ఆరింది. కొత్త చిగుళ్లు, వాటి వెంట పూలు. ఒక మధ్యాహ్నం కనకం పెరట్లోంచి కేకేసింది. చపాతీ పిండి చేతులతోనే పరుగెత్తింది ప్రత్యూష. ఆకు చాటున శనగగింజంత పచ్చటి కాయ!

డ్యూటీ దిగి పడుకున్న మనిషిని లేపకూడదన్నది ఆ ఇంట్లో మామగారి కాలం నాటి కట్టడి. ప్రత్యూష మూసి ఉన్న గది తలుపు వైపు చూసి, నిట్టూర్చి ఊరుకుంది.

"చూస్తావేటే?" అంది కనకం. "లేపు ఆడిని!"