కోడలి ముక్కు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. కోపానికి తప్ప ఆ ముక్కు ఇంక దేనికీ పనికిరాదన్న సంగతి మాత్రం మొన్నమొన్నటి దాకా నాకే తెలియదు.

మా ఆయన భుజం పట్టేసింది. ఇక వల లాగడం కుదరదని డాక్టరు తేల్చి చెప్పాక పడవ రేవులో ఊరికే పడి ఉంది. మా అబ్బాయి మోటార్లు బాగుచేస్తాడు. వాడికి చేపల మీద ఎప్పుడూ ధ్యాస లేదు. పాత చెక్కలు కొనే వ్యాపారి రెండుసార్లు వచ్చి, పడవ చుట్టూ తిరిగి, వేళ్లతో కొట్టి చూసి వెళ్లాడు. అతను కొట్టినప్పుడల్లా మా ఆయన తన వీపు మీదే దెబ్బ పడినట్టు మొహం పెట్టారు.

"దాన్ని ముక్కలు చేస్తుంటే నేను చూడలేనే. ఎవరి చేతిలో ఉన్నా సరే, నీళ్ల మీద ఉంటే చాలు," అన్నారు ఆ సాయంత్రం.

పెళ్లైనప్పటి నుంచి ఆయన నన్ను నోరు తెరిచి అడిగినవి బహు తక్కువ. ఎలాగైనా సరే ఇది జరగాలని అప్పుడే అనుకున్నాను.

వాకబు చేస్తే ఒక సేవా సంస్థ సంగతి తెలిసింది. అవతలి దీవుల్లో జబ్బుపడ్డవాళ్లను ఇవతలి ఆసుపత్రికి చేర్చడానికి వాళ్లకో పడవ కావాలట. ఊరికే ఇచ్చేస్తామన్నాం. చూడడానికి వాళ్ల నర్సు వచ్చింది. ఒక కాలు పడవలో పెట్టింది, రెండో కాలు పెట్టలేదు. రుమాలు అడ్డం పెట్టుకుని మెత్తగానే చెప్పింది: పడవ బాగుంది, మోటారు బాగుంది, కానీ ఈ వాసనకు రోగులు సగం దారిలోనే వాంతులు చేసుకుంటారు. వచ్చే వారం మళ్లీ వస్తాననీ, అప్పటికీ వాసన పోకపోతే వేరే పడవ చూసుకోక తప్పదనీ అంది.

వాసనేమిటి, ఏం వాసన అని నిలదీశాను. నిజంగా తెలియకే అడిగాను. ఆవిడ వెటకారం అనుకున్నట్టుంది, రుమాలు తియ్యకుండానే వెళ్లిపోయింది.

ముగ్గురం నడుం బిగించాం. సబ్బునీళ్లతో తోమాం, సోడాతో తోమాం, నిమ్మచెక్కలతో రుద్దాం. మా ఆయన వంగి పీల్చి అద్దంలా ఉందన్నారు. అద్దానికి వాసనేమిటో ఆయనకే తెలియాలి. మా అబ్బాయి పీల్చి తలూపాడు. నేనూ పీల్చాను, నిమ్మకాయ తప్ప ఏమీ తగల్లేదు. ఇక నర్సు రావడమే తరువాయి అనుకుంటుంటే, మాకు అన్నం తెచ్చిన కోడలు గట్టు మీదే ఆగిపోయింది.

మా కోడలు సముద్రం మొహం ఎరగని ఊరి పిల్ల. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. మాట పైకి రాదు. మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ కిటికీ పక్కనే దాని మకాం. తినడం అక్కడే, కూర్చోవడం అక్కడే, చలికాలంలో కూడా రెక్కలు బార్లా తీసే ఉంచేది. పొగరనుకున్నాను. వీధిలో వచ్చేపోయేవాళ్లను చూసే సరదా అనుకున్నాను. పైకి అనలేదంటే అబద్ధమే అవుతుంది.

"పోలేదు అత్తయ్యా," అంది గట్టు మీంచే.

"ఏం పోలేదు?"

"వాసన. పైన నిమ్మకాయ ఉంది. కింద చేపలు అలాగే ఉన్నాయి."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అంత దూరం నుంచి తెలుస్తోందా అని అడిగితే తెలుస్తోందంది. మరి ఇంట్లోనో అంటే తల దించుకుంది. అప్పుడు వెలిగింది నాకు కిటికీ సంగతి. ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా అని రేవంతా వినబడేలా అరిచాను. చెబితే మీరు బాధపడతారని, అంది. బాధపడ్డాను కూడా. కానీ తీరిగ్గా బాధపడడానికి వ్యవధి ఎక్కడుంది? ఎక్కు, ఎక్కడుందో నువ్వే పట్టుకో అన్నాను.

అన్నం గిన్నెలు నా చేతికిచ్చి ఎక్కింది. మోకాళ్ల మీద పాకుతూ ముక్కుతో పడవంతా గాలించింది. తాళ్ల చుట్ట దగ్గర ఆగి, ఇందులో కొంచెం ఉందంది; మా అబ్బాయి దాన్ని గట్టున పడేశాడు. మధ్యలో ఒకసారి గట్టెక్కి గాలి పీల్చుకుని మళ్లీ దిగింది. చివరికి పడవ నడుమనున్న ఐసు పెట్టె మీద చెయ్యి వేసింది. ఇక్కడే, పెట్టె లోపల కాదు, గోడలో, అంది.

మా ఆయన మొహం పాలిపోయింది. ఆ పెట్టె ఆయన తన చేతులతో కట్టుకున్నది. రెండు వరసల చెక్కలు, ఐసు కరగకుండా వాటి మధ్య థర్మాకోల్. ఏళ్ల తరబడి చేపల నీళ్లు చెక్కల సందుల్లోంచి అందులోకే దిగాయి. పైపైన ఎంత తోమినా ఏం లాభం? పెట్టె పీకాల్సిందే.

"అది పీకితే ఇంక చేపల పడవ కాదే," అన్నారు నాతో.

జవాబు కోడలు చెప్పింది.

"కాదు మామయ్యగారూ. కానీ నీళ్ల మీద ఉంటుంది కదా."

ఆయన పెట్టె మూత మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. పిల్లాడి చదువు, మా ఇంటి కప్పు, నా చెవులకున్నవి, అన్నీ ఆ పెట్టెలోంచి వచ్చినవే. ఆఖరికి ఆయన మేకులు పీకే కడ్డీ ఇమ్మన్నారు. మొదటి మేకు బాగున్న చేత్తో తనే పీకారు. మిగతావి మా అబ్బాయి పీకాడు. నల్లబడిన థర్మాకోల్ ముద్దలు బయటపడగానే కోడలు గట్టు మీదికి పరుగు తీసింది. ఏళ్లుగా ఆ వాసనలోనే బతికిన మాకు మాత్రం అప్పటికీ ఏమీ తెలియలేదు.

పెట్టె పోయిన చోట మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత ఖాళీ మిగిలింది. మళ్లీ కడిగి, ఎండబెట్టి, కోడల్ని పిలిచాం. అది ఆ కొస నుంచి ఈ కొస దాకా పాకుతుంటే మేం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. లేచి, మోకాళ్లు దులుపుకుని, లేదు అంది.

నర్సు వచ్చిన రోజు రెండో కాలు కూడా పడవలో పెట్టింది. నడుమ ఖాళీ చూసి స్ట్రెచర్ తెప్పించింది, అతికినట్టు సరిపోయింది. ఇదంతా మా కోడలి ముక్కు చలవే అని అడక్కపోయినా చెప్పాను. అవతల ఎవరో పెద్దావిడ కాలు విరిగి పడి ఉందట, ఆ ఉదయమే బయలుదేరారు. ఇసుక దిబ్బల మధ్య దారి చూపించడానికి మా ఆయన్ని కూడా ఎక్కించుకున్నారు.

అత్తాకోడళ్లం గట్టున కూర్చున్నాం. అడగకూడదు అనుకుంటూనే అడిగేశాను, నా దగ్గర కూడా వస్తుందా అని.

"వస్తుంది అత్తయ్యా," అంది ముక్కుసూటిగా. నా దగ్గరే నేర్చుకున్నట్టుంది. నీళ్ల వంక చూస్తూ మళ్లీ అంది: "ఆ మధ్య జ్వరంలో కళ్లు తెరవలేకపోయా కదా. మీరు పక్కనున్నారో లేదో ఆ వాసనతోనే తెలిసేది. రాకపోతే భయమేసేది."

దాని చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పడవ తిరిగొచ్చింది. పెద్దావిడను కుదుపు లేకుండా దించి ఆసుపత్రి బండి ఎక్కించారు. మా ఆయన గట్టెక్కి నా పక్కన నిలబడ్డారు. ఏదో కొత్తగా తగిలింది. దగ్గరికి జరిగి పీల్చాను.

"ఏమండీ, మీ దగ్గర మందుల వాసన వస్తోంది."

కోడలు ఫక్కున నవ్వింది. ఆయన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చారు.

"అవునే," అన్నారు. "వస్తోంది."