యెర్కా దుప్పట్ల మీద పొగ

పొయ్యి ఎటు తిరగాలో తేల్చుకోవడానికి డింకా ముందుగా గాలిని చూసుకుంది. వేసవిలో మా ద్వీపం మీద మధ్యాహ్నం భోజనాల వేళకు సముద్రం వైపు నుంచి మయెస్ట్రాల్ గాలి లేస్తుంది. పొద్దు వాలేదాకా ఒకే వాటంగా వీస్తుంది. ఆమె డాబా మీద నిలబడి పిడికెడు బూడిద వదిలింది. బూడిద ద్రాక్ష పందిరి కింద నుంచి జారి, పిట్టగోడ దాటి, పక్కింటి యెర్కా బట్టలారేసుకునే తీగ మీదికి తిన్నగా పోయింది. డింకా తృప్తిగా చేతులు దులుపుకుని, కాలి మడమతో నేల మీద గీత గీసింది.

"ఇక్కడే."

మేస్త్రీ షిమున్ ఆ గీతను చూశాడు, గోడకవతల ఆరేసిన తెల్లటి దుప్పట్లను చూశాడు, మళ్లీ గీతను చూశాడు.

"పిన్నీ, పొయ్యి నోరు ఇటు పెడితే పొగంతా యెర్కా పిన్ని బట్టల మీదికే పోద్ది."

"తెలుసు. నేనేమన్నా నిన్నగాక మొన్న దిగానా ఈ ఊళ్లో?"

"తెలిసే పెట్టిస్తున్నావా? ఆ మూలనైతే ఇంటిగోడ చాటుంది. నిప్పు కుదురుగా ఉంటది, పొగ పైకెళ్లిపోద్ది."

"ఈ డాబా ఎవరిది?"

"నీదే."

"మరి పొగా నాదే. అది ఎటు పోవాలో నాకొదిలెయ్యి."

"రేపు యెర్కా పిన్ని చీపురు పుచ్చుకుని వస్తే నా పేరు చెప్పకు మరి. ఆవిడ నోటికి మా నాన్నే జడిసేవాడు."

"రానీ," అంది డింకా. "రానీ, చూద్దాం."

పైకి అది బెదిరింపులాగే వినిపించింది. లోపల మాత్రం మొక్కుకున్నంత పని. డింకాకు కావలసింది పొయ్యి కాదు, తగువు. యెర్కా పిట్టగోడ దగ్గరికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, తనను నోటికొచ్చినట్టు తిట్టాలి. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు.

ఆమె భర్త ప్రోష్పెర్ ఏడాదిన్నర కిందట ద్రాక్షతోటలో కత్తెర చేతిలో ఉండగానే కూలిపోయాడు. మొదటి వారాల్లో యెర్కా రోజూ వచ్చింది. పులుసు తెచ్చింది, పక్కన కూర్చుంది, ముక్కు చీదుకుంది. తర్వాత మెల్లగా రావడం తగ్గింది. ఆ తర్వాత ఇంకోటి జరిగింది. యెర్కావాళ్లు తమ అంజూరచెట్టు కింద, డింకా డాబాకు ఎదురుగా ఉండే భోజనాల బల్లను ఒకనాడు ఎత్తి ఇంటి వెనక్కి పట్టుకుపోయారు. వాళ్ల రేడియో మూగబోయింది. కోతలప్పుడు పాటలు పాడుకుంటూ సందులో వెళ్లే ఆడవాళ్లు కూడా డింకా గోడ దగ్గరికి రాగానే పాట ఆపేసేవారు. దారిలో ఎదురైతే యెర్కా తల దించుకుని "ఎలా ఉన్నావు?" అనేది. "ఉన్నాను" అనేది డింకా. అంతటితో సరి.

ఇదే యెర్కాతో ఆ గోడ మీదుగా ముప్పై ఏళ్లు కాఫీ కప్పులు, కొత్తిమీర కట్టలు, ఊరందరి గుట్టుమట్లు చేతులు మారాయి. మగవాళ్లయితే రోజూ కేకలేసుకునేవారు. యెర్కా మొగుడు విస్కో తీసే వైన్ పులుపు. ప్రోష్పెర్ చేపలు కాల్చే ఇనుప జాలీ కింద నిప్పు రాజేస్తూ గోడ మీదుగా అరిచేవాడు: "ఒరేయ్ విస్కో, నీ వైన్ ఒక చెంబు ఇలా పంపు, నా జాలీకి తుప్పు పట్టింది!" అవతలి నుంచి అంతకు రెండింతలు వచ్చి పడేవి.

మొగుడు పోయి నల్లబట్ట కట్టిన మనిషిని చూసి మొహం తిప్పుకున్నారని డింకా తేల్చేసుకుంది. మీరెందుకు రారని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. మా దగ్గర నలుపులో ఉన్న ఆడది తన బల్ల దగ్గరికి ఎవరినీ పిలవదు. పిలుపు వచ్చేదాకా ఆగుతుంది. ఆమె ఆగింది. ఎవరూ పిలవలేదు. పిలవకపోతే పోయారు, కనీసం తిట్టించుకుందామనుకుంది.

పొయ్యి కూడా ఊరికే పుట్టిన ఆలోచన కాదు. ప్రోష్పెర్ జీవితమంతా ఆ మూల మూడు రాళ్ల మీద జాలీ పెట్టే చేపలు కాల్చాడు. ప్రతి వసంతంలోనూ "ఈ ఏడు రాతి పొయ్యి కట్టిస్తా చూడు" అనేవాడు. ఇప్పుడు ఆమె కట్టిస్తోంది. నడుమెత్తున రాతి గట్టు, దాని మీద నిప్పుకు పొయ్యి, పక్కన నిప్పుకణికల కింద వండుకోవడానికి గంటలాంటి ఇనుప మూత, ఆ మూత ఎత్తడానికి గొలుసు. మేకలు నీళ్లు తాగే పాత రాతి తొట్టిని కడిగించి, అంట్లు తోముకోవడానికి అమర్చింది. వాననీటి తొట్టి నుంచి దానికి గొట్టం వేయించింది. వాడిన నీళ్లు తులసి కుండీల్లోకి పోయేలా కాలవ తీయించింది. వేసవిలో ఇక్కడ చుక్క నీరు పారబోస్తే పాపం చుట్టుకుంటుంది మరి. గట్టు కింద అర కట్టించి, ద్రాక్ష తీగల ఎండుపుల్లలు మోపులుగా పేర్చింది. చివరికి వడ్రంగి దగ్గర ఎనిమిదిమంది కూర్చునే బల్ల చేయించుకుంది.

"ఒక్కదానికి ఇంత బల్లెందుకు పిన్నీ?" అన్నాడు షిమున్, దాన్ని మోయలేక ఆయాసపడుతూ.

"కాళ్లు చాపుకుని తింటా. నీకేం పోయింది?"

షిమున్ నవ్వాడు. డింకా నవ్వలేదు.

పొయ్యి కట్టుబడి ఆరాక మొదటి నిప్పు పెట్టింది. మా ద్వీపంలో ఆరుబయట నిప్పు మగవాళ్ల పని. ఆడవాళ్లు చేపలు కడిగి, ఉప్పు రాసి, పళ్లెంలో తెచ్చిస్తారంతే. డింకాకు పుల్లలు ఎలా నిలబెట్టాలో తెలియదు, మంట ఎప్పుడు కణికలుగా మారుతుందో తెలియదు. కానీ ఆమెకు కావలసిన పొగ రావడానికి ఆ తెలివితక్కువతనమే బాగా పనికొచ్చింది. చాలదన్నట్టు పచ్చి పుల్లలు నాలుగు కలిపింది. రోజ్‌మేరీ రెమ్మను ఆలివ్ నూనెలో ముంచి కవళ్ల చేపల మీద రాస్తూ, కావాలని నిప్పు మీద రెండు చుక్కలు ఎక్కువే జార్చింది. మయెస్ట్రాల్ తన మాట నిలబెట్టుకుంది. నల్లటి పొగ గోడ దాటి వెళ్లి యెర్కా దుప్పట్లను చుట్టేసింది.

యెర్కా బయటికి వచ్చింది. డింకా నడుం నిటారుగా చేసి, ఆప్రాన్ సర్దుకుంది. చెప్పాల్సిన మాటలు రెండు రోజులుగా నెమరేసుకుంటూనే ఉంది. "నా డాబా నా ఇష్టం" అని మొదలుపెట్టాలి. యెర్కా దుప్పటి అంచు పట్టుకుని వాసన చూసింది. పొగ వైపు ఒకసారి చూసింది. తర్వాత క్లిప్పులు ఒక్కొక్కటే తీసి, దుప్పట్లు మడత పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. దభీమని వేసినా ఎంతో బాగుండేది.

డింకా ఎనిమిదిమంది బల్ల దగ్గర ఒక కొసన కూర్చుని తింది. చేపలు పైన మాడిపోయాయి, లోపల పచ్చిగా ఉన్నాయి.

మర్నాడూ వెలిగించింది. ఆ మర్నాడూ. చేపలైపోతే మిరపకాయలు కాల్చింది, వంకాయలు కాల్చింది, ఏమీ లేనినాడు రొట్టె ముక్కలు కాల్చింది. యెర్కా ఏమీ అనలేదు. ఒకరోజు ఆమె కోడలు వచ్చి బట్టల తీగను కొక్కేల నుంచి విప్పి, చుట్ట చుట్టుకుని, అదీ ఇంటి వెనక్కే పట్టుకుపోయింది. ముందు బల్ల పోయింది, ఇప్పుడు తీగా పోయింది. తిట్టడానికైనా మనిషి కనపడాలి కదా! తాను వాళ్లకు కనపడటం లేదు. పొగ కనపడుతోంది, తాను కనపడటం లేదు.

గొలుసు బిగించడానికి వచ్చిన షిమున్ గొంతు తగ్గించి అడిగాడు.

"యెర్కా పిన్ని ఏమన్నా అందా?"

"ఏమీ అనలేదు."

"అస్సలా?"

"అస్సలు."

"అయ్యబాబోయ్," అన్నాడు షిమున్ గుండె మీద చెయ్యేసుకుని. "అయితే వ్యవహారం బాగా ముదిరింది పిన్నీ."

ఆదివారం వచ్చింది. ఇనుప మూత కింద గొర్రెపిల్ల మాంసం, బంగాళాదుంపలు పెట్టాలని డింకా శనివారమే అన్నీ కొనిపెట్టుకుంది. పొద్దున్నే దుంపలు చెక్కు తీస్తూ తీస్తూ ఆగిపోయింది. మూత కింద వంట ఒక్కరికి వండేది కాదు. ఒక్కరికి వండితే అడుగంటుతుంది. ఎన్ని దుంపలు తీసినా ఆ బల్ల నిండదు. ఎవరికోసం ఇదంతా? చచ్చిపోయినవాడు తినడు, బతికున్నవాళ్లు రారు. ఆమె కత్తి పక్కన పెట్టింది. పొయ్యిలోంచి పాత బూడిద ఎత్తి పారబోసి, రాయి తడిగుడ్డతో తుడిచింది. మూత బోర్లించింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

మయెస్ట్రాల్ లేచింది. పందిరి ఆకులు కదిలాయి. పొగ లేని డాబా మీద డింకా అలాగే కూర్చుని ఉంది.

మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినిపించింది. యెర్కా. చేతులకు పిండి, ఒక కాలికే చెప్పు. పై మెట్టు మీద నిలబడి రొప్పుతూ డింకాను కింది నుంచి పైదాకా చూసింది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి పొయ్యి వెలిగించలేదేమే? గాలి లేచి ఎంతసేపైంది! వాసన రాలేదని నా కాళ్లూ చేతులూ ఆడలేదు. పడిపోయావేమో అనుకున్నాను, దిక్కుమాలినదానా!"

"నీకేం బాధ? నీ దుప్పట్లు తెల్లగా ఉంటాయిగా."

"నా దుప్పట్లు!" యెర్కా ఒక్కసారిగా గొంతెత్తింది. "నా దుప్పట్ల సంగతి నువ్వా మాట్లాడేది? పక్కెక్కితే చేపల బజారులో పడుకున్నట్టుంది. మా ఆయన రాత్రంతా తుమ్ముతున్నాడు. మా ఇంటి పిల్లి తిండి మానేసి నా మంచం కింద కాపురం పెట్టింది!"

"మరి వచ్చి అడగలేదేం?"

"ఎలా అడగనే?" యెర్కా గొంతు తగ్గింది. "ఏడాదిన్నరగా ఈ ఇంట్లో గిన్నె చప్పుడు లేదు. ఒకరోజు చూస్తే పొగ! డింకా నిప్పు పెట్టింది అని ఇంటిల్లిపాదీ కిటికీ దగ్గర మూగాం. నేనొక్క మాటంటే మళ్లీ ఆర్పేసుకుని లోపల కూర్చుంటావని భయం. పొగ గురించి ఎవరైనా నోరెత్తితే నాలుక కోస్తానన్నాను. అందుకేగా తీగ కూడా తీయించింది."

డింకా గోడకవతల అంజూరచెట్టు కింద ఖాళీ వైపు చూసింది.

"మరి ఆ బల్లెందుకు తీశారు? నా మొహం చూడలేకేగా?"

"నీ మొహమా?" యెర్కా తెల్లబోయింది. "నువ్విక్కడ ఒక్కదానివే నల్లబట్టలో కూర్చునుంటే నీ కళ్లెదుట మేం గ్లాసులు తాకించుకుంటూ నవ్వాలా? మనుషులమా, పశువులమా? మా నవ్వు నీ చెవిన పడకూడదని వెనక్కి పట్టుకుపోయాం."

"దానికోసమే కిటికీ తీసిపెట్టుకునేదాన్నే నేను," అంది డింకా. "మీ నవ్వు వినపడుతుందని. రోజూ."

యెర్కా మెల్లగా వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ఏదో ఒకటి తిట్టాలి కాబట్టి పొయ్యి వైపు తిరిగింది.

"ఇంత తప్పుగా ఏ గుడ్డివెధవ కట్టాడే దీన్ని? గాలికెదురుగానా?"

"నేనే కట్టించాను. కావాలనే. నువ్వొచ్చి తిడతావని."

యెర్కా నోరు తెరిచింది. ఇక అందుకుంది. డింకాను, షిమున్‌ను, షిమున్‌ను కన్నవాళ్లను, ఆ పొయ్యికి రాళ్లు మోసిన గాడిదను ఎవరినీ వదల్లేదు. డింకా తల వంచుకుని ఒక్క మాట పోనీకుండా విన్నది. ఎండిపోయిన తోట వానను తాగినట్టు తాగింది. అలసిపోయాక యెర్కా లేచి, ఒంటి చెప్పుతో మెట్లు దిగుతూ "ముందు నిప్పు పెట్టు, ఎండ నెత్తికెక్కింది" అని కసిరి వెళ్లిపోయింది.

డింకా పుల్లలు నిలబెట్టింది. ఈసారి పచ్చివి కలపలేదు. అయినా పొగ పొగే, గాలి గాలే. గోడకవతల ఏదో బరువైనది బండరాళ్ల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. బల్ల కాళ్లు. ఇంటి వెనక నుంచి అంజూరచెట్టు కిందికి వస్తున్నాయి. తర్వాత దగ్గు, ఆ తర్వాత విస్కో గొంతు.

"ఓ డింకా! మమ్మల్ని కూడా జాలీ మీద పెట్టేస్తావా ఏంటి?"

పొగకో దేనికో ఆమె కళ్ల నిండా నీళ్లు. నెమరేసుకున్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. నోటికి వచ్చింది తన మాట కాదు.

"ఒరేయ్ విస్కో!" అని గోడ మీదుగా అరిచింది. "నీ వైన్ ఒక చెంబు ఇలా పంపు, నా జాలీకి తుప్పు పట్టింది!"

అవతల బల్ల ఈడుస్తున్న చప్పుడు ఆగిపోయింది. డింకా పిట్టగోడ పట్టుకుని నిలబడింది. తర్వాత విస్కో, ఒకప్పుడు ప్రోష్పెర్‌ను తిట్టినట్టే, అంతకు రెండింతలు తిట్టాడు.